తొమ్మిదో గడి

మార్చి పదకొండు, మంగళవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు, రాష్ట్ర సైకిల్ సాంకేతికాభివృద్ధి సంస్థలో సహాయ డిజైన్ ఇంజనీరుగా పనిచేస్తున్న దూసి జగన్నాథం ఇరవై రెండో నంబరు ఫారంలో తొమ్మిదో గడి దగ్గర ఆగి, అందులో ‘అనంతం’ అని రాశాడు.

ఆ గడి పేరు ‘మొత్తం గేర్ల సంఖ్య’.

రాసేముందు పక్క టేబులు దగ్గరున్న పైల వరహాలమ్మను సలహా అడిగాడు. వరహాలమ్మ సంస్థలో బొమ్మలు గీసే సెక్షన్‌కు పెద్ద. జగన్నాథం కంటే మూడేళ్ళు ముందు చేరింది. ఇరవై ఆరేళ్ళుగా అతను ఊహించినవన్నీ ఆవిడే గీసింది.

“ఒకటని రాసీయండి సార్,” అంది తలెత్తకుండా.

“ఒకటి కాదు కదండీ.”

“పోనీ సున్నా అని రాయండి.”

“అదీ కాదు. దీనికి మెట్లుండవు వరహాలమ్మగారూ. పిడి ఎక్కడ ఆపితే అక్కడో గేరు. రెండింటి మధ్య ఇంకోటి, దానికీ దీనికీ మధ్య మరోటి. లెక్కపెట్టడం కుదరదు.”

“గడి అంగుళం ఉంది సార్. అందులో పట్టేది రాయండి.”

‘అనంతం’ పట్టింది. జగన్నాథం సంతకం పెట్టి, తేదీ వేసి, ఫారాన్ని పైకి పంపాడు. ఆ భవనంలో ఇన్నేళ్ళలో ఎవరూ రాయని నిజం తాను రాశానని ఆ పూటంతా అనుకున్నాడు. ఆ తర్వాత ఐదు నెలలపాటు ఆ అనుకోవడం గురించి అనుకుంటూ వచ్చాడు.

సైకిలు సంగతి ఇదీ. మామూలు గేరు సైకిలుకు వెనక పళ్ళచక్రాలు వరసగా ఉంటాయి. గొలుసు ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి దూకుతుంది. ఈ సైకిలుకు వెనక ఇరుసు చుట్టూ ఒక డిబ్బీ, అందులో ఎనిమిది ఉక్కు గోళీలు. గోళీలు ఒక వైపు వాలితే తొక్కుడు తేలికవుతుంది, రెండో వైపు వాలితే వేగం వస్తుంది. డిబ్బీ బయటి నుంచి తెప్పించింది. దాన్ని చేతితో నడిపే పిడి డిజైన్ చేయడం జగన్నాథం పని. అతను పిడి మీద అంకె వేయలేదు, గీత పెట్టలేదు. మన వైపు తిప్పితే తేలిక, అవతలి వైపు తిప్పితే బరువు. అంతే.

ఇరవై ఆరేళ్ళలో జగన్నాథం డిజైన్లలో రోడ్డెక్కింది ఒక్కటి, సైకిలు బెల్లు మీది మూత. దాన్ని కొన్నవాళ్ళు విప్పి కుంకుమకు వాడుకున్నారని ఒక సర్వేలో తేలింది. కాబట్టి ఈ పిడి మీద అతనికి ఆశ ఉంది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు, ఒక్క మనిషితో తప్ప.

ఆ మనిషి వంతాల చిలకమ్మ. లోతువలస ఆరోగ్య ఉపకేంద్రంలో ఏఎన్‌ఎం. ప్రతి బుధవారం టీకాల డబ్బా భుజాన వేసుకుని ఏడు కిలోమీటర్ల ఘాటీ ఎక్కి జాజిగరువు చేరాలి. అక్కడి నుంచి నాలుగు గూడేలు తిరగాలి. నడిచి ఎక్కితే రెండుంపావు గంటలు. డబ్బా పాతది, మూత బిగుతుగా పట్టదు, ఐసు నాలుగు గంటలు నిలుస్తుంది. ఐసు కరిగాక టీకా వేయకూడదు, వెనక్కి తీసుకెళ్ళాలి. అందువల్ల మొదటి రెండు గూడేల పిల్లలకు టీకాలు అందుతున్నాయి, చివరి రెండింటికి అందడం లేదు. ఎండాకాలం జీపు దొరికితే నాలుగూ పూర్తవుతాయి. వానలు మొదలైతే జీపు ఎక్కదు.

కొండల్లో తిరిగే నలభై మంది ఏఎన్‌ఎంలకు ఈ సైకిళ్ళు ఇవ్వాలన్నది పథకం. ఫిబ్రవరిలో జరిగిన మొదటి పరీక్షలో చిలకమ్మ డబ్బాతో సహా లోతువలసలో ఎక్కి, ఎక్కడా దిగకుండా జాజిగరువు చేరింది. పట్టిన సమయం గంటా ఎనిమిది నిమిషాలు.

“పొయ్యి మంట తగ్గించినట్టుంది బాబూ,” అంది దిగి. “ఇంతకి తగ్గించాలని ఎవలూ సెప్పక్కర్లేదు. సేతికే తెలస్తాది.”

“వానలకి ముందే నీ సైకిలు నీ గుమ్మంలో ఉంటుందమ్మా,” అన్నాడు జగన్నాథం. పై అధికారి ఎవరూ ఆ మాట అనమనలేదు.

మార్చి ఇరవై ఏడున మెమో వచ్చింది. సంతకం చేసినది సంయుక్త సంచాలకులు చల్లా విద్యాధరరావు. ప్రమాణాల విభాగం ఆయనది.

“విషయం: మెట్లు లేని సైకిలు – గేర్ల ధ్రువీకరణ – గురించి. తెలియజేయునది ఏమనగా, నిబంధన పద్నాలుగు ప్రకారము ప్రతి గేరును విడివిడిగా పది కిలోమీటర్లు నడిపి, ఒక్కొక్క గేరుకు ఒక్కొక్క ధ్రువపత్రము మూడేసి ప్రతులలో సమర్పించవలెను. తొమ్మిదో గడిలో మీరు పేర్కొన్న సంఖ్య దృష్ట్యా, అనంతమైన ధ్రువపత్రములను పదిహేను దినములలోగా అందజేయవలసినదిగా కోరడమైనది.”

జగన్నాథం మెమోలో తప్పు కోసం వెతికాడు. దొరకలేదు.

“మూడు ప్రతుల వల్ల పనేం పెరగదు లెండి,” అన్నాడు వరహాలమ్మతో. “అనంతాన్ని మూడుతో గుణించినా అనంతమే.”

“మరింకేం సార్,” అంది వరహాలమ్మ.

ఏప్రిల్ నాలుగున సమావేశం జరిగింది. ఆ హాల్లో ఫ్యాను రెగ్యులేటరుకు ఐదు అంకెలున్నాయి. ఏ అంకె దగ్గర పెట్టినా ఫ్యాను ఒకే వేగంతో తిరుగుతుంది. విద్యాధరరావు వచ్చి కూర్చోగానే దాన్ని మూడు దగ్గర పెట్టించారు. చల్లగా ఉందని అందరూ ఒప్పుకున్నారు.

“జగన్నాథంగారూ, సంస్థ అనంతానికి వ్యతిరేకం కాదు. మినిట్స్‌లో ఆ మాట రాయించండి,” అన్నారు విద్యాధరరావు. “కానీ హద్దు లేని అనంతం పరిపాలనకు అనుకూలం కాదు.”

“రౌండుగా ఎంతుంటుందండీ అనంతం?” అని స్టోర్సు అధికారి అడిగాడు.

“దశలవారీగా వెళదాం,” అన్నారు విద్యాధరరావు. “మొదటి దశలో మీరు ఎన్ని గేర్లు ఇవ్వగలరు?”

ఇవ్వడం అన్న మాటే ఇక్కడ కుదరదని చెప్పడానికి జగన్నాథం నోరు తెరిచాడు. అయితే ఎదురుగా నలుగురు అధికారులు కలాలు పట్టుకుని అతని పిడి గురించి వినడానికి కూర్చున్నారు. ఇరవై ఆరేళ్ళలో అలా జరగలేదు.

“పిడి సగం చుట్టు తిరుగుతుంది సార్. అంటే నూట ఎనభై డిగ్రీలు,” అన్నాడు.

నూట ఎనభై గేర్లు అని రాసుకున్నారు. మిగిలిన అనంతాన్ని రెండో దశలో చేపట్టాలని తీర్మానించారు.

“ఒక గేరు నుంచి ఇంకో గేరుకు మారినట్టు రుజువేమిటి?” అన్నారు విద్యాధరరావు. “చప్పుడు రావాలి.”

మెత్తగా తిరగడానికి అతను ఏడాదిన్నర పనిచేసిన పిడిలో నూట ఎనభై చప్పుళ్ళు పెట్టే పని జగన్నాథానికే వచ్చింది. పళ్ళ పట్టీ, దాని మీద ఆనే ఉక్కు నాలుక. మొదటి నమూనా గరగరలాడింది. రెండోది జారింది. మూడోది ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన డిగ్రీకి ఒకసారి టక్కుమంది. ఒక్కటీ తప్పలేదు. జగన్నాథం దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మూడుసార్లు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాడు.

“బాగా వచ్చింది కదండీ?” అన్నాడు.

వరహాలమ్మ పెన్సిలు కింద పెట్టింది. “చాలా బాగొచ్చింది సార్. మీరు చేయకూడని పని ఇంత బాగా చేస్తారని నాకు తెలీదు.”

మే నెలంతా పరీక్షలు. నూట ఎనభై గేర్లు, గేరుకు పది కిలోమీటర్లు. సంస్థ భవనం చుట్టూ ఒక చుట్టు నాలుగు వందల మీటర్లు, అంటే గేరుకు ఇరవై ఐదు చుట్లు. అరవై మంది సిబ్బందికి తలా మూడు గేర్లు పంచుతూ ఉత్తర్వు వచ్చింది. అకౌంట్సు సెక్షన్‌కు నలభై మూడు నుంచి అరవై దాకా పడ్డాయి. విద్యాధరరావు హోదాను బట్టి ఒకటో గేరు ఒక్కటే ఉంచుకుని, తన మిగతా రెండూ కిందివాళ్ళకు ఇచ్చారు. అది అన్నిటికంటే తేలిక. పెడలు ఒకసారి పూర్తిగా తిప్పితే సైకిలు ఒకటిన్నర మీటరు కదులుతుంది. ఆయన పది కిలోమీటర్లకు ఆరు వేల ఆరువందల అరవై ఏడు సార్లు తొక్కారు. మధ్యలో ఫైళ్ళు కిటికీలోంచి చూపించారు. ధ్రువపత్రాల మీద సంతకాలు పూర్తయ్యేసరికి మే ఇరవై రెండు.

అప్పుడు అంకెల సంగతి తేలింది. ప్రతి గేరుకు అంకె ఉండాలి, ఒక్కో అంకెకు ఎనిమిది మిల్లీమీటర్ల జాగా ఉండాలి. నూట ఎనభై అంకెలకు నూట నలభై నాలుగు సెంటీమీటర్లు. పిడి మీద అంత చోటు లేదు. జగన్నాథం ఆ అంకెల పట్టీని ఒక డ్రమ్ముకు చుట్టి హ్యాండిలు మధ్యలో నిలబెట్టాడు. డ్రమ్ము అడ్డం అడుగున్నర. వరహాలమ్మ గీసింది గానీ, గీసి కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసింది.

“పెళ్ళివంటల్లో గుండిగ మూత ఇంతుంటుంది సార్. దీని వెనక రోడ్డు కనపడుతుందా?”

“కొంచెం పక్కకు వంగితే కనపడుతుంది.”

“అయితే మనిషి కూడా వంగినట్టు గీయమంటారా?”

మే ముప్పైన భద్రతా విభాగం అధికారి వచ్చి డ్రమ్ము చూశాడు. అంకె చదివేటప్పుడు రోడ్డు కనపడదు, రోడ్డు చూసేటప్పుడు అంకె కనపడదు అని రాసుకున్నాడు. గేరు మార్చడానికి సైకిలు నడుస్తూ ఉండటం తప్పనిసరా అని అడిగాడు.

దానికి జగన్నాథం సమాధానం చెప్పకపోయినా సరిపోయేది. కానీ ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని అతను ఏడాదిగా చూస్తున్నాడు.

“అదే దీని గొప్ప సార్! మామూలు గేరు సైకిలు ఆగి ఉంటే గేరు మారదు. మనది ఆగి ఉన్నా మారుతుంది.”

మరునాడే ఉత్తర్వు: “గేరు మార్చదలచిన వారు సైకిలును పూర్తిగా నిలిపి, దిగి, ఎడమ ప్రక్కన నిలబడి, అంకెను చదివి, తదుపరి మాత్రమే పిడిని త్రిప్పవలెను. మార్చిన సమయము, ఏ గేరు నుండి, ఏ గేరునకు, కారణము – ఈ నాలుగు వివరములు రిజిస్టరులో నమోదు చేయవలెను.”

జూన్ తొమ్మిదిన తొలి వాన పడింది. ఆ సాయంత్రం చిలకమ్మ ఫోన్ చేసింది.

“బాబూ, వాన వచ్చీసింది. జీపోడు రానన్నాడు. సైకిలేటయింది?”

“అయిపోవచ్చిందమ్మా. చిన్న చిన్న మార్పులు.”

“బాగుంది కదా బాబూ, మార్పులేటి?”

జగన్నాథం ఫోనులో నూట ఎనభై గేర్ల గురించి చెప్పాడు.

“నాకంత తెలదు గాని, పొయ్యికి నూట ఎనభై మంటలేటి బాబూ?” అంది చిలకమ్మ.

జూన్ పదకొండు, బుధవారం రెండో పరీక్ష. చిలకమ్మ ఉదయం ఆరింటికి లోతువలసలో బయల్దేరింది. భుజాన టీకాల డబ్బా, ముందు డ్రమ్ము, వెనక క్యారేజీకి కట్టిన రిజిస్టరు, దాని మీద ప్లాస్టిక్ కవరు. జగన్నాథం, భద్రతా అధికారి జీపులో వెనకే వెళ్ళారు. వాన తెరిపిచ్చిన ఆ ఒక్క పూటా జీపు ఎక్కింది.

మొదటి మలుపు దగ్గర చిలకమ్మ ఆగింది. దిగింది. ఎడమ పక్క నిలబడింది. అంకె చదివింది. పిడి తిప్పింది. వెనక్కి వచ్చి కవరు తీసి రాసింది. కవరు కట్టి ఎక్కింది. అరవై గజాలు వెళ్ళి మళ్ళీ ఆగింది.

మూడో కిలోమీటరు దగ్గర కట్టెల మోపులతో పైకి వెళ్తున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆమెను దాటిపోయారు.

“ఏటే చిలకా, బండి పాడయిందా?” అంది ఒకామె.

“పాడవలేదే. మారుతోంది.”

“మేం ముందెల్లి సెప్పమా, నువ్వు రేపొస్తావని?”

జాజిగరువు చేరేసరికి పదీ ఇరవై. నాలుగు గంటల ఇరవై నిమిషాలు. చిలకమ్మ డబ్బా మూత తీసి, వేళ్ళు నీళ్ళలో ముంచి, జగన్నాథానికి చూపించింది. ఆ రోజు నాలుగు గూడేల్లో ఏ గూడెంలోనూ టీకాలు వేయలేదు. డబ్బా వెనక్కి వెళ్ళింది.

రిజిస్టరులో తొంభై ఏడు నమోదులున్నాయి. కారణం గడిలో తొంభై ఏడు చోట్లా ‘ఎత్తు’ అని ఉంది.

తిరుగుదారిలో జగన్నాథం రిజిస్టరు తిరగేశాడు. పళ్ళ పట్టీ, డ్రమ్ము, ఆగి మార్చడం – మూడూ తన నోటి నుంచి, తన చేతి నుంచి వచ్చినవే అని లెక్క చూసుకున్నాడు. విద్యాధరరావు కొత్తగా చేసింది ఏదైనా ఉందేమోనని వెతికాడు. ఆయన రాసుకున్నారు, అంతే.

తర్వాతి బుధవారం నుంచి చిలకమ్మ నడిచే వెళ్ళింది. రెండు గూడేలు అయ్యేవి, రెండు మిగిలేవి. మంగళవారం సాయంత్రాలు ఫోన్ చేసి, “రేపు బుదవారం బాబూ,” అనేది. అంతకు మించి అడిగేది కాదు. జూన్ నెలాఖరుకు అలా రెండుసార్లు చేసింది.

జులై ఎనిమిదిన రెండో సమావేశం. రిజిస్టరు మీద అభ్యంతరం వచ్చింది. తొంభై ఏడు మార్పులకూ ఒకే కారణం చూపడం మూసగా ఉన్నదనీ, క్షేత్రస్థాయి సిబ్బంది తగిన శ్రద్ధ చూపలేదనీ విద్యాధరరావు చదివి వినిపించారు.

“ఘాటీ సార్ అది. కింద నుంచి పైదాకా ఎత్తే,” అన్నాడు జగన్నాథం.

“ఎత్తులో తేడాలుండవా?”

“ఉంటాయి సార్. అందుకే మెట్లు లేకుండా చేశాం.”

హాల్లో ఫ్యాను మూడు దగ్గర తిరుగుతోంది. విద్యాధరరావు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

“జగన్నాథంగారూ, ఇబ్బంది అంతా గేరు మార్చడంలో వస్తోంది. ధ్రువపత్రం కావాలన్నా, అంకె కావాలన్నా మార్చే గేర్లకే; దిగడం మార్చేటప్పుడే; రిజిస్టరు మార్చినందుకే. మార్చకపోతే ఏ నిబంధనా వర్తించదు. కాబట్టి పిడిని మధ్యలో ఒక చోట నిలిపి, సీలు వేద్దాం. కరెంటు మీటర్లకు వేస్తారే, అలాంటిది.”

“అప్పుడు గేర్లెన్ని రాయాలండీ?” అని స్టోర్సు అధికారి అడిగాడు.

“ఒకటి,” అన్నారు విద్యాధరరావు.

జగన్నాథం లేచాడు. అతను వాదిస్తాడని అందరూ అనుకున్నారు. అతనూ అనుకున్నాడు.

“రెండు సందేహాలు సార్. గేరు ఒకటే అయితే అంకె కూడా ఒకటే. ఎనిమిది మిల్లీమీటర్లు పిడి మీదే పడుతుంది. డ్రమ్ము తీసేయవచ్చా?”

“అవసరం లేని పరికరం ఉంచడం నిబంధనలకు విరుద్ధం.”

“నూట ఎనభై చప్పుళ్ళు?”

“గేరుకు ఒకటి చొప్పున ఉండాలి. ఒకటి చాలు.”

రెండూ మినిట్స్‌కు ఎక్కాయి. సీలు డిజైన్ చేయడం కూడా జగన్నాథానికే అప్పగించారు.

మర్నాడు, బుధవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు, అతను ఇరవై రెండో నంబరు ఫారం మరొకటి తీసుకుని తొమ్మిదో గడిలో ‘1’ అని రాశాడు. వరహాలమ్మ చూసింది.

“నేను మార్చిలోనే చెప్పాను కదా సార్.”

“చెప్పారు. అప్పుడు నాకు నిజం మీద కొంచెం పంతం ఉండేది.”

“ఇప్పుడో?”

“ఇప్పుడు ఆ సీలు గీయండి.”

ఫారం అదే రోజు సాయంత్రం నాలుగింటికి ఆమోదంతో తిరిగి వచ్చింది.

సీలు అంటే పిడిని కదలకుండా పట్టే ఒక తీగె చుట్టు, చివర సీసపు బిళ్ళ. వరహాలమ్మ కొలతలు వేస్తూ ఆగింది. “పిడి మందం ముప్పై నాలుగు మిల్లీమీటర్లు. చుట్టు అడ్డం నలభై రెండా సార్? అంత వదులైతే తెగకుండానే ఊడి వస్తుందేమో.”

“నిబంధనలో సీలు ఉండాలనీ, తెగకూడదనీ ఉంది. బిగుతు గురించి లేదు.”

వరహాలమ్మ అతని ముఖం చూసింది. నలభై రెండు అని వేసి, కింద గీత గీసింది.

ఆగస్టు నాలుగున నలభై సైకిళ్ళు ఏఎన్‌ఎంలకు చేరాయి. ఒక్కో పిడి మీద ‘1’ అనే అంకె, దాని పక్కన సీలు.

ఆగస్టు ఇరవై, బుధవారం సీళ్ళ తనిఖీకి జగన్నాథాన్ని పంపారు. వాన కురుస్తోంది, జీపు ఎక్కలేదు. లోతువలసలో ముందురోజే దిగి, తెల్లవారుజామున నడక మొదలుపెట్టి, ఏడున్నరకు జాజిగరువు చేరాడు. ఎనిమిదీ ఆరు నిమిషాలకు చిలకమ్మ మలుపు తిరిగి వచ్చింది. లోతువలసలో ఏడింటికి ఎక్కానని చెప్పింది.

సైకిలు ఆపి, అతన్ని చూసి, కొంగుముడి విప్పింది. అందులోంచి సీలు తీసి పిడికి తొడిగింది. బిళ్ళ మీద సంస్థ ముద్ర స్పష్టంగా ఉంది.

“ఊడదీసినాను బాబూ. తెంపలేదు. అదే ఊడొచ్చీసింది.”

“చూశానమ్మా.”

“మిగతావోల్లవీ అంతే. రాస్తారా ఏటి?”

జగన్నాథం తనిఖీ ఫారం తీశాడు. అందులో రెండే గడులున్నాయి. ‘సీలు ఉన్నదా?’ అన్నచోట ‘ఉన్నది’ అని రాశాడు. ‘తెగినదా?’ అన్నచోట ‘తెగలేదు’ అని రాశాడు. రెండూ నిజమే. సంతకం పెట్టాడు.

“ఒక్కటి అడగాల బాబూ,” అంది చిలకమ్మ సీలు మళ్ళీ తీసి కొంగున కట్టుకుంటూ. “తిప్పుతుంటే మెత్తగానే ఎల్తాది. మద్దిలో ఒక్కకాడ మాత్రం టక్కుమంటాది. అదేటి?”

“అది మా ఆఫీసు,” అన్నాడు జగన్నాథం.

ఆమె నవ్వి, డబ్బా సర్దుకుని, మొదటి గూడెం దారి పట్టింది. అతను వెనకే నడిచాడు.

నాలుగో గూడెంలో ఆ రోజు ఆఖరి టీకా పదీ నలభైకి, ఐదు నెలల పాపకు వేశారు. పాప ఏడ్చింది. డబ్బాలో ఐసు ఇంకా ఉంది.